మాదిగపల్లెకు ఆదివారం వచ్చిన కథ

ఆదివారం సెలవు మనకెలా వచ్చిందని ఎవరినైనా అడిగితే ఇంగ్లీషువాళ్ళ ఆఫీసుల గురించో, బొంబాయి మిల్లు కార్మికుల గురించో చెప్తారు. రెండూ నిజమే. కానీ ఒంగోలు, కనిగిరి చుట్టుపక్కల మాదిగపల్లెలకి ఆదివారం వేరే దారిలో వచ్చింది. మిల్లులో బతిమాలితే రాలేదు, సర్కారు జీవో ఇస్తే రాలేదు. 1860ల చివర్లో కొంతమంది చెప్పులు కుట్టేవాళ్ళు “ఆదివారం మేం పనికి రాము” అని ఊరితో అన్నారు. ఆ ఒక్క మాటకి దెబ్బలు తిన్నారు, బావి నీళ్ళు బందయ్యాయి, రావలసిన గింజలు ఆగిపోయాయి. తెలుగు నేల మీద క్రైస్తవం గురించి మాట్లాడేటప్పుడు మనం స్వర్గం, నరకం, విదేశీ డబ్బు చుట్టూనే తిరుగుతుంటాం కాబట్టి, ఈ మామూలు సంగతి దగ్గర మొదలుపెట్టడం మంచిదనిపించింది.

కథలో మొదటి మనిషి అమెరికావాడు కాదు. యర్రగుంట్ల పేరయ్య. ఊరు తాళ్ళకొండపాడు, ఒంగోలుకి పడమరగా రెండు మూడు రోజుల నడక. మాదిగ కులం, తోళ్ళ వ్యాపారం. ఆ పనిమీద ఊళ్ళు తిరిగేవాడు. మిషన్‌ గాలి సోకకముందే ఆయనకి గురువులున్నారు, యోగం నేర్చుకున్నాడు, విగ్రహాల మీద నమ్మకం పోగొట్టుకున్నాడు. ఇది ముఖ్యం. మాదిగపల్లె ఏమీ తెలియని చీకట్లో ఉంటే దొరలొచ్చి దీపం పెట్టారనేది మిషన్‌ కరపత్రాల కథ. అసలు పల్లెలో రామానుజ మతం మాట ఉంది, నాసరయ్య భక్తులున్నారు, మాతంగి ఉంది. చెప్పులు కుట్టుకుంటూ, తోలు నానబెట్టుకుంటూ వీటి గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఈ మాటల్ని విని పుస్తకంగా రాసిన ఎమ్మా రౌషెన్‌బుష్‌ క్లౌ దానికి ‘వైల్‌ సోయింగ్‌ శాండల్స్‌’ అనే పేరు పెట్టింది అందుకే. 1899లో అచ్చయింది. మాదిగల గురించి మాదిగల నోటినుంచి విని రాసిన పుస్తకాల్లో తొలినాటిది. ఆమె చూపులో మిషనరీ దొరసానితనం లేకపోలేదు, ‘పరయా తెగ’ అని అట్టమీదే వేసుకుంది. అయినా మన పండితులెవరూ ఆ పల్లెలో కూర్చుని వినని కాలంలో ఆమె కూర్చుని విన్నది.

పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడాది జాన్‌ ఎవరెట్‌ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. క్లౌ అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసి పాదిరి అయినవాడు. ఆ సర్వేయరు చదువు తర్వాత పనికొచ్చింది, ఆ సంగతి కరువు దగ్గర చెప్తాను.

ఒంగోలులో క్లౌ దంపతులు పెట్టిన బడికి మొదట పై కులాల పిల్లలు వచ్చారు. ఊరి పెద్దలకు దొర మీద గౌరవమే. ఇంతలో పల్లెలనుంచి మాదిగలు మేం కూడా వస్తాం అన్నారు. వాళ్ళని చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అన్నారు పెద్దలు. ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కనబడిందని క్లౌ చెప్పుకున్నాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి ఉత్తరంలో, దేవుడు లోకం లెక్కచెయ్యని నీచుల్నే ఎన్నుకున్నాడని చెప్పే చోటు. పాదిరుల ఆత్మకథల్లో ఇలాంటి కాకతాళీయాలు ఎక్కువే ఉంటాయి, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. జరిగింది మాత్రం ఖాయం. మాదిగల్ని చేర్చుకున్నారు, బడి ఖాళీ అయింది. పై కులాల్ని మారిస్తే కిందివాళ్ళు వాళ్ళంతటవాళ్ళే వస్తారన్న లెక్క అప్పటి చాలా మిషన్లది. ఒంగోలులో ఆ లెక్క తలకిందులైంది.

చేరేవాళ్ళకి మూడు కట్టుబాట్లు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే ఇవి మత నియమాలు, మిషన్‌ ఉద్దేశం కూడా అంతే అయుండొచ్చు. పల్లెలో నిలబడి చూస్తే మూడూ కూలి సంబంధాలకి తగిలే దెబ్బలు.

ఎలాగంటే, మాదిగవాడు ఊరికి చెప్పులు కుట్టాలి. కపిల బావులకి తోలు బానలు కుట్టివ్వాలి, అవి చిరిగితే బాగుచెయ్యాలి. తోలు బాన లేకపోతే మెట్టపొలానికి నీళ్ళు లేవు, అంటే ఆ సేద్యం మొత్తం ఆ కుట్టు మీద నిలబడి ఉంది. కోతలకి, నూర్పిళ్ళకి మనిషి కావాలి. జాతరకి, పెళ్ళికి, చావుకి డప్పు కావాలి. వీటన్నిటికీ ప్రతిఫలం కళ్ళం దగ్గర మేర కింద కొలిచే గింజలు, చచ్చిన పశువు. ఆ పశువు తోలు మళ్ళీ చెప్పులై, బానలై రైతుకే పోతుంది. మాంసం వాళ్ళకి మిగులుతుంది. అంటే చచ్చిన గొడ్డు మాంసం అలవాటు కాదు, జీతం. జీతంలో ఆ భాగం మాకొద్దు అన్నారంటే, మరి దేంతో ఇస్తారు అనే ప్రశ్న దానంతటదే లేస్తుంది. విగ్రహాలకి మొక్కం అంటే జాతరలో డప్పు కొట్టం అని. ఇక ఆదివారం! కోతల రోజుల్లో పంట నేలరాలుతుంటే పాలేరు “ఇవ్వాళ రాను” అంటే ఏ ఆసామి ఊరుకుంటాడు? ఏ రోజు పని చెయ్యాలో చెప్పే హక్కు అంతవరకూ మాదిగవాడికి లేదు. వారానికి ఒక్కటే అయినా, అతను తన చేతిలో పెట్టుకున్న మొదటి రోజు అది.

ఊళ్ళకి ఇది మనకంటే బాగా అర్థమైంది. అందుకే మతం మారినందుకు కాదు, పనికి రానందుకు కొట్టారు. బావి మూసేశారు, చాకలిని, కుమ్మరిని పోవద్దన్నారు, దొంగతనం కేసులు బనాయించారు. క్లౌ కొన్నిసార్లు అధికారుల దాకా పోయాడు. కానీ ఆయన విప్లవకారుడు కాదు. ఊరి కట్టు మొత్తం తెగిపోతే వీళ్ళు బతకలేరని, చెప్పులు కుట్టే పని, పొలం పని మానొద్దనే చెప్పేవాడు. భూమి ఎవరిదన్న ప్రశ్న ఆయన ఎత్తలేదు. ఇవ్వాళ వెనక్కి చూస్తే అది పెద్ద లోటుగానే కనబడుతుంది. అయినా రోజుగింజల మీద బతికే పల్లెకి ‘తిరగబడు’ అని చెప్పి, తను మాత్రం బంగళాకి వెళ్ళిపోవడం కూడా అంత గొప్ప పనేమీ కాదు.

1876లో వానలు పోయాయి. మనవాళ్ళు దాన్ని ధాత కరువంటారు, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కనక. రెండేళ్ళలో దేశం మొత్తమ్మీద అరకోటికి పైగా పోయారని అంచనా. సర్కారు ఖర్చు తగ్గించడానికి వచ్చిన రిచర్డ్‌ టెంపుల్‌ సహాయపు పనుల్లో మగమనిషి కూలిని రోజుకి ఒక పౌను ధాన్యం, దానిమీద ఒక అణా అని కుదించాడు. అంటే అరకిలో కూడా కాదు. రోజంతా మట్టి మొయ్యాలి మరి.

అప్పుడే తీరం వెంట బకింగ్‌హామ్‌ కాలువ తవ్వకం కరువు పనిగా నడుస్తోంది. క్లౌ అందులో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వేయరు కాబట్టి లెక్కలు తెలుసు. పల్లెల్లో వాక్యం చెప్పే బోధకులే మేస్త్రీలయ్యారు. వేలమంది వచ్చారు, అన్ని కులాలవాళ్ళూ వచ్చారు. చాలామంది తవ్వుతూ, దారిలో, కలరాతో చచ్చిపోయారు. పొద్దుగూకాక బోధకులు వాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు.

ఇక్కడే ఆ ‘బియ్యం క్రైస్తవులు’ అనే మాట. తిండికోసం మతం మారారని ఇవ్వాళ వాట్సాప్‌లో తిరిగే మాట అప్పుడు మిషన్‌వాళ్ళలో వాళ్ళకే భయం. అందుకే కరువు సాయం నడిచినన్నాళ్ళూ, సుమారు పదిహేను నెలలు, క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళందర్నీ తిప్పి పంపాడు. 1878 నడిమికి సాయం డబ్బు అయిపోయింది. అప్పుడు జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర కూడారు. ఇంక ఇవ్వడానికేమీ లేదు, ఇళ్ళకి పొండి అని చెప్పడానికి వెళ్ళాడు క్లౌ. మాకు సాయం అక్కర్లేదు, చేతులకి కాసిన కాయలు చూడండి, పని చేసుకునే బతికాం, వచ్చే పంట కూడా పోతే చస్తాం, చచ్చేది మాత్రం క్రైస్తవులుగా చస్తాం అన్న అర్థం వచ్చేలా వాళ్ళు చెప్పారని ఆయన రాయించుకున్నాడు. జూలై 2న 614 మంది, 3న 2222, 4న 700. మూడు రోజుల్లో 3536 మంది. ఆ ఏడు ముగిసేసరికి తొమ్మిదివేలు దాటారు. నీళ్ళలో నిలబడి ముంచింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, అలిసినప్పుడు మారుతూ.

కరువుకీ ఈ సంఖ్యకీ సంబంధం లేదని నేను అనను. ఉంది. అరకిలో గింజకి మనిషిని ఆరబెట్టే సర్కారు ఒక పక్క, గొడ్డు చస్తే తప్ప గుర్తురాని ఊరు ఒక పక్క ఉన్నప్పుడు, కూలి సరిగా ఇచ్చి, పేరుపెట్టి పిలిచి, పక్కన కూర్చున్న మనిషి తన సొంత కులపు బోధకుడైతే, అతని దేవుణ్ణి నమ్మడం మోసపోవడమా? ఆకలితో ఉన్నవాడికి ఆలోచన ఉండదనుకునేవాళ్ళే ఆ ‘బియ్యం’ మాట అనగలరు.

ఈ కథ సముద్రం దాటింది. క్లౌని 1894లో పెళ్ళి చేసుకున్న ఎమ్మాకి ఒక తమ్ముడున్నాడు, వాల్టర్‌ రౌషెన్‌బుష్‌. న్యూయార్క్‌లో హెల్స్‌ కిచెన్‌ అనే పేదవాడలో పాదిరి. పరలోకం సంగతి సరే, ఇక్కడ పనివాడి కూలి, ఇల్లు, పిల్లల చావులు సువార్తలో భాగం కావా అని అడిగి, 1907లో ఆయన రాసిన పుస్తకం ‘సోషల్‌ గాస్పెల్‌’ అనే ధోరణికే మూలస్తంభమైంది. కుర్రతనంలో ఆయన్ని మన రామాపట్నం వేదాంత పాఠశాలకి పంపాలనే ఆలోచన జరిగింది. పాత నిబంధన మీద అభిప్రాయాలు మరీ ఉదారంగా ఉన్నాయని ఆపేశారు. వచ్చుంటే ఏమయ్యేదో! క్లౌ 1910లో పోయాక, ఆయన చెప్పగా రాసుకున్న కథని ఎమ్మా 1914లో ‘సోషల్‌ క్రిస్టియానిటీ ఇన్‌ ది ఓరియంట్‌’ అని అచ్చు వేయించింది. ఆ పేరులో తమ్ముడి గొంతు వినబడుతుంది. వాల్టర్‌ పుస్తకం తన మీద చెరగని ముద్ర వేసిందని 1958లో రాసినవాడు మార్టిన్‌ లూథర్‌ కింగ్‌. ఒంగోలునుంచి మాంట్‌గోమరీకి తిన్నగా గీత గీసెయ్యడం నాకిష్టం లేదు. ఒకే ఇంట్లో అక్క మాదిగపల్లెలో, తమ్ముడు పేదవాడలో ఒకే ప్రశ్న దగ్గర నిలబడ్డారు, అంతవరకే.

మరి ఇక్కడ ఆ ఆశ ఏమైంది? బళ్ళొచ్చాయి, ఆసుపత్రి వచ్చింది, టీచర్లు, నర్సులు తయారయ్యారు. కులం పోలేదు, చర్చి లోపల కూడా. గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ, ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. ప్రభువు ఒక్కడే అయినా పెళ్ళిళ్ళు వేరు. విగ్రహం ముందు కొట్టొద్దని కింద పెట్టించిన డప్పు, ఒక విద్య, కొన్ని తరాలకి చేతుల్లోంచి జారిపోయింది. అదే జిల్లాలో ఈదుమూడిలో 1994 జూలై 7న మాదిగ దండోరా పుట్టినప్పుడు ఆ డప్పే చంకకెక్కింది, ఈసారి జాతర కోసం కాదు.

ఇంకో దెబ్బ ఢిల్లీనుంచి వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని, ముస్లిముల్ని కలపలేదు. కలపమని రంగనాథ్‌ మిశ్రా కమిషన్‌ 2007లో చెప్పినా కదల్లేదు. మన రాష్ట్రంలో మతం మారినవాళ్ళు బీసీ-సి, ఒక శాతం. అందుకని ఎన్నో ఇళ్ళల్లో ఆదివారం ఒక పేరు, ఎమ్మార్వో ఆఫీసులో ఇంకో పేరు. ఆదివారాన్ని అంత కష్టపడి సంపాదించినవాళ్ళ మనవలు దాన్ని కాగితం మీద దాచుకోవాలి.

ఊరికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగపల్లెవాళ్ళు తాగే నీళ్ళ చెరువులో గేదెల కుడితి కలుపుతుంటే ఇదేమిటని అడిగారు. అడిగినందుకు కొట్టబోతే, నీళ్ళకొచ్చిన ఒక ఆడమనిషి చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, 17న, ఊరు పల్లె మీద పడింది. ఆరుగురు చనిపోయారు. బతికినవాళ్ళు చీరాలకి పరిగెత్తారు. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. ఆ బిందె ఎత్తిన ఆమె పేరు మున్నంగి సువార్త.