షుగర్ ఉన్నవారి భుజం: ఫ్రోజెన్ షోల్డర్ చరిత్ర

భుజం కీలును చుట్టి ఉండే పొర వాచి, మందమెక్కి, ముడుచుకుపోయి చెయ్యి కదలకుండా పట్టేసే జబ్బు ఫ్రోజెన్ షోల్డర్. వైద్య గ్రంథాల్లో అడ్హెసివ్ క్యాప్సులైటిస్ అనీ, డాక్టర్ల పాత చీటీల్లో పెరియార్థ్రైటిస్ అనీ కనిపించేది ఇదే. ఇళ్లల్లో మాత్రం ‘జబ్బ పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు’ అంటారు. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య వస్తుంది. మగవారికన్నా ఆడవారిలో కొంచెం ఎక్కువ. షుగర్ ఉన్నవారిలో మాత్రం చాలా ఎక్కువ. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ 2016లో కలిపి లెక్కగడితే, మధుమేహం ఉన్నవారిలో 13 శాతానికి పైగా ఈ బాధతో ఉన్నారని తేలింది. షుగర్ లేనివారితో పోలిస్తే ఇది సుమారు 5 రెట్లు. భుజం పట్టేసి ఆసుపత్రికి వచ్చినవారిని లెక్కిస్తే వారిలో దాదాపు 30 శాతం మందికి షుగర్ ఉంది.

భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. వీరికి కళ్లు చూపించుకోమని, పాదాలు జాగ్రత్త అని, కిడ్నీ పరీక్ష చేయించుకోమని చెప్పేవారు ఉన్నారు. భుజం ఎలా ఉందని అడిగేవారే తక్కువ. ప్రాణం తీసే జబ్బు కాదు కాబట్టి ఇది వరుసలో ఎప్పుడూ వెనకే నిలబడింది.

మొదట్లో నొప్పిదే రాజ్యం. రాత్రి ఆ పక్కకు ఒరిగితే నిద్ర ఉండదు. ఆ తర్వాత రోజువారీ పనులు ఒక్కొక్కటే చేజారతాయి: జడ వేసుకోవడం, వీపు వెనక హుక్కు పెట్టుకోవడం, చొక్కా చేతిలోకి చెయ్యి దూర్చడం, ప్యాంటు వెనక జేబులోంచి పర్సు తీయడం, బస్సులో పై కడ్డీ పట్టుకోవడం. గుర్తుపట్టడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మోచేతిని మడిచి పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని బయటి వైపు తిప్పమని డాక్టరు అడుగుతాడు. పట్టేసిన భుజం కొద్దిగా కదిలి ఆగిపోతుంది. డాక్టరే పట్టుకుని తిప్పబోయినా అక్కడే ఆగుతుంది. ఎక్స్‌రేలో ఎముకలు మామూలుగానే కనిపిస్తాయి. భుజం కండరం తెగినవారు తమంతట తాము చెయ్యి ఎత్తలేకపోయినా, సాధారణంగా ఇంకొకరు పట్టుకుని ఎత్తితే లేస్తుంది. ఇందులో ఎవరు ఎత్తినా లేవదు.

భుజం బిగుసుకోవడం కొత్తగా పుట్టిన బాధేమీ కాదు. వాతం చేరి భుజం బంధాలు ఎండిపోయి, సిరలు ముడుచుకుని చెయ్యి పనిచేయని స్థితిని సుశ్రుత సంహిత అవబాహుకం అంది. మధుమేహం గురించి కూడా అదే గ్రంథంలో ఉంది, వేరే చోట. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి కనబడతాయన్న సంగతి వైద్యశాస్త్రంలో అంకెలతో నిలబడటానికి ఇరవయ్యో శతాబ్దం ముప్పావు వంతు గడవాల్సి వచ్చింది.

ఆధునిక వైద్యంలో ఈ కథ పారిస్‌లో మొదలవుతుంది. 1872లో సిమోన్ ఎమాన్యుయేల్ డుప్లే అనే శస్త్రవైద్యుడు, బిగుసుకుపోయిన ఇలాంటి భుజాల్లో చెడింది కీలు కాదనీ, దాని చుట్టూ ఉన్న మెత్తటి కణజాలమనీ వాదించాడు. మత్తిచ్చి చెయ్యిని బలంగా కదిలించి విడిపించాలన్నది అతని చికిత్స. ఆ పద్ధతి మార్పులతో నేటికీ ఉంది. ‘ఫ్రోజెన్ షోల్డర్’ అన్న పేరు 1934లో బోస్టన్ వైద్యుడు ఎర్నెస్ట్ ఎమొరీ కాడ్‌మన్ పెట్టాడు. భుజం మీదే పెద్ద గ్రంథం రాసిన ఈయన, ఈ జబ్బును నిర్వచించడమూ కష్టమే, నయం చేయడమూ కష్టమేనని దాచకుండా ఒప్పుకున్నాడు. ముందుకు వంగి చేతిని కిందికి వేలాడదీసి, గుండ్రంగా ఊపే వ్యాయామానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. 1945లో అమెరికాకే చెందిన జూలియస్ నెవయాసర్ 10 మంది రోగుల భుజాలు తెరిచి చూసి, లోపలి పొర మందమై ఎముక తలకు అంటుకుని ఉందనీ, చర్మం మీద అంటించిన ప్లాస్టర్ పట్టీలా దాన్ని ఊడదీయాల్సి వచ్చిందనీ రాశాడు. అడ్హెసివ్ క్యాప్సులైటిస్ అన్న పేరు అక్కడ పుట్టింది.

ఈ ముగ్గురి దృష్టీ భుజం మీదే. రోగి రక్తంలో ఏముందన్నది వారి ప్రశ్న కాదు. అటు మధుమేహ వైద్యులకూ తీరిక లేదు. 1922లో ఇన్సులిన్ అందేదాకా చిన్న వయసులో షుగర్ వచ్చినవారు ఎక్కువ కాలం బతకలేదు. జబ్బుతో దశాబ్దాలు జీవించడం సాధ్యమయ్యాకే కళ్లు, కిడ్నీలు, నరాల సమస్యలు ఎక్కువగా బయటపడ్డాయి. పరిశోధన అంతా వాటి చుట్టూ తిరిగింది.

1972లో జె.ఎఫ్. బ్రిడ్జ్‌మన్ ఒక బ్రిటిష్ కీళ్ల వైద్య పత్రికలో చిన్న వ్యాసం ప్రచురించాడు. షుగర్ ఉన్న 800 మందినీ, లేని 600 మందినీ పరీక్షిస్తే మొదటి గుంపులో 10.8 శాతం మందికీ, రెండో గుంపులో 2.3 శాతం మందికీ భుజం పట్టేసి ఉంది. ఈ జబ్బు చరిత్రలో ఇంతకన్నా ముఖ్యమైన లెక్క లేదని చెప్పవచ్చు. 1974లో అమెరికాలో రోజెన్‌బ్లూమ్, ఫ్రియాస్ అనే వైద్యులు చిన్న వయసులోనే షుగర్ వచ్చినవారి వేళ్లు బిగుసుకుపోవడాన్ని వర్ణించారు. అలాంటివారు నమస్కారం పెడితే రెండు అరచేతులూ పూర్తిగా ఆనవు. 1986లో మరో బ్రిటిష్ బృందం మధుమేహుల్లో 19 శాతం, ఇతరుల్లో 5 శాతం అని భుజం లెక్కను మళ్లీ చూపింది. అప్పటికి చెయ్యీ భుజమూ ఒకే కథలోకి వచ్చాయి.

కారణం కొల్లాజెన్‌లో ఉందని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు. రక్తంలో ఏళ్ల తరబడి మిగిలిపోయిన చక్కెర ఈ ప్రోటీన్ పోగులకు అతుక్కుని, పోగుకూ పోగుకూ మధ్య అడ్డ ముళ్లు వేస్తుంది. సాగే గుణం పోతుంది. 1995లో బ్రిటన్‌లో బంకర్, ఆంథొనీ పట్టేసిన భుజాల నుంచి తీసిన ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు మచ్చ కణజాలాన్ని అల్లే కణాలు కుప్పలుగా కనిపించాయి. అరచేతిలో తాడులాంటి గట్టి పట్టీలు ఏర్పడి వేళ్లు వంగిపోయే డుపుయ్‌ట్రెన్ జబ్బులోనూ ఇదే తీరు. అది కూడా షుగర్ ఉన్నవారిలో ఎక్కువే. షుగర్‌ను అదుపులో పెడితే భుజం జబ్బు రాకుండా ఉంటుందా అన్న ప్రశ్నకు పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. ఎన్నేళ్లుగా షుగర్ ఉందన్నది మాత్రం లెక్కలోకి వస్తుంది.

‘అదే తగ్గిపోతుంది, ఓపిక పట్టండి’ అన్న సలహాకు కూడా ఒక చరిత్ర ఉంది. 1975లో బ్రిటన్‌కు చెందిన రీవ్స్ 41 మంది రోగులను ఏళ్ల తరబడి గమనించి, జబ్బు నొప్పి, బిగుతు, సడలింపు అనే మూడు దశల్లో సగటున 30 నెలలు నడుస్తుందని రాశాడు. జనం నోట మిగిలింది ఈ ముక్కే. సగానికి పైగా రోగుల్లో కదలిక పూర్తిగా తిరిగి రాలేదని ఉన్న భాగాన్ని మరిచిపోయారు. 1992లో ఒక అమెరికన్ అధ్యయనం సగటున 7 ఏళ్ల తర్వాత చూసినా సగం మందిలో కొంత నొప్పో, బిగుతో మిగిలే ఉందని చెప్పింది. షుగర్ ఉన్నవారికి జబ్బు మరింత మొండిది. రెండు భుజాలకూ వచ్చే అవకాశం వారికే ఎక్కువ. వారిని ఊరికే వేచి ఉండమనడం న్యాయం కాదు.

చికిత్సలో పెద్ద మలుపు స్టెరాయిడ్. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను మొదటిసారి కీళ్లవాతం రోగికి ఇచ్చింది. కొన్నేళ్లకే కీలులోకి నేరుగా సూది వేయడం మొదలైంది. మొదటి నెలల్లో, నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. షుగర్ ఉన్నవారిలో సూది తర్వాత కొన్ని రోజులపాటు రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ భయంతో సూదే వద్దనుకోవాల్సిన పని లేదు. ఆ వారం గ్లూకోమీటరుతో తరచూ చూసుకుంటూ, మందుల మోతాదు గురించి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

1965లో స్వీడన్ వైద్యులు ఆండ్రెన్, లుండ్‌బెర్గ్ కీలులోకి ద్రవం ఎక్కించి ముడుచుకున్న పొరను సాగదీసే పద్ధతి చెప్పారు. మామూలు భుజం కీలులో 20 మిల్లీలీటర్లకు పైగా ద్రవం పడుతుంది. పట్టేసిన దానిలో తరచూ 10 కూడా పట్టదు. వ్యాయామం విషయంలో 2004 నాటి డచ్ అధ్యయనం కళ్లు తెరిపించింది. నొప్పి హద్దు దాటకుండా చెయ్యి వాడుకున్నవారిలో 89 శాతం మంది రెండేళ్లకు దాదాపు మామూలు స్థితికి వచ్చారు. హద్దు దాటి గట్టిగా సాగదీయించుకున్నవారిలో 63 శాతమే. ఎవరో బలవంతంగా చెయ్యి లాగితే విడిపోతుందన్న నమ్మకం రోగులను చాలా బాధపెట్టింది.

ఎంతకీ లొంగని భుజానికి మత్తిచ్చి కదిలించడం ఒక దారి. ఇందులో చేతి ఎముక విరిగే ముప్పు కొంత ఉంది. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి బిగుసుకున్న పొరను కోసి విడదీయడం రెండోది. 2020లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన బ్రిటిష్ పరీక్షలో 503 మందిని మూడు గుంపులు చేసి, స్టెరాయిడ్‌తో కూడిన ఫిజియోథెరపీనీ, ఈ రెండు పద్ధతులనూ పోల్చారు. ఏడాది తర్వాత రోగికి తెలిసేంత పెద్ద తేడాతో ఏదీ మిగతావాటిని మించలేదు. అందుకే నేడు ఎక్కువమంది వైద్యులు సూదితో, ఫిజియోథెరపీతో మొదలుపెట్టి, నెలలు గడిచినా కదలిక రానివారికే శస్త్రచికిత్స సూచిస్తున్నారు. షుగర్ ఉన్నవారిలో ఆపరేషన్ తర్వాత బిగుతు కొంత తిరిగి రావచ్చు కనుక వ్యాయామం మర్నాటి నుంచే మొదలవుతుంది. కారణం లేకుండా భుజం పట్టేసి వచ్చినవారికి షుగర్‌ను పట్టిచ్చే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ పరీక్షలు రాసే అలవాటు కూడా పెరుగుతోంది. తమకు షుగర్ ఉందని అప్పటిదాకా తెలియనివారు కొందరు ఆ చీటీతోనే బయటపడతారు.