సిడార్ క్రీక్: పండని ఇసుకనేలలో పెరిగిన పరిశోధన

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగరానికి ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న సిడార్ క్రీక్, విశ్వవిద్యాలయాల క్షేత్ర కేంద్రాల చరిత్రలో, అంటే ఆరుబయటి నేలనే ప్రయోగశాలగా నిలుపుకొన్న పరిశోధనా స్థావరాల చరిత్రలో, విశిష్ట స్థానం సంపాదించుకోవడానికి ఆ నేల నిస్సారతే చాలావరకు కారణం. కరిగిన హిమానీనదాల నీరు మోసుకొచ్చి పరచిన ఇసుకలో మొక్కల ఎదుగుదలకు అవసరమైన నత్రజని బహు స్వల్పం కావడంతో, అక్కడ సేద్యానికి దిగిన రైతులు అనేక పొలాలను బీడు పెట్టి వెళ్లిపోయారు. పడమటి ఎత్తుగడ్డి మైదానాలు, ఉత్తరాది సూదాకు చెట్ల అడవులు, తూర్పుదిక్కు ఆకురాల్చే అడవులు ఒకదానినొకటి తాకే సరిహద్దు కూడా అదే కనుక, విలియం కూపర్ వంటి వృక్షశాస్త్రజ్ఞుల దృష్టి దానిపై పడింది. మిన్నెసోటా విజ్ఞాన అకాడమీ చొరవతో సేకరించిన ఆ భూమి 1942లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చేరి, క్రమంగా సుమారు 2,200 హెక్టార్లకు విస్తరించింది.

కేంద్రం ఏర్పడకముందే అక్కడి సిడార్ బాగ్ సరస్సులో రేమండ్ లిండెమన్ అనే పరిశోధక విద్యార్థి దాదాపు అయిదేళ్లు పనిచేశాడు. పూడిపోతున్న ఆ లోతు తక్కువ సరస్సు అడుగునుంచి బురద తోడి, జల్లెడ పట్టి, అందులోని పురుగుల లార్వాలను లెక్కించి, నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లవకాలను తూచే ఈ ఓపిక పనిలో భార్య ఎలినార్ అతనికి తోడ్పడింది. సూర్యశక్తిని మొక్కలు గ్రహించడం, వాటిని తినే జీవులకూ, వాటినీ తినే జీవులకూ ఆ శక్తి అంచెలంచెలుగా తరుగుతూ చేరడం అనే క్రమాన్ని అంకెలతో చూపిన అతని వ్యాసాన్ని, సరస్సుల శాస్త్రంలో పేరెన్నికగన్న ఇద్దరు సమీక్షకులు ఆధారానికి మించిన సిద్ధాంతమని తోసిపుచ్చారు. జీవావరణ శాస్త్రవేత్త జార్జ్ ఎవెలిన్ హచిన్‌సన్ పట్టుబట్టిన మీదట పత్రిక సంపాదకుడు థామస్ పార్క్ దానిని స్వీకరించినా, 1942 జూన్‌లో 26 ఏళ్ల వయసుకే కాలేయ వ్యాధితో మరణించిన లిండెమన్, ఆ ఏడాది అక్టోబరులో అచ్చయిన వ్యాసాన్ని చూడలేదు. నేటి పాఠ్యపుస్తకాల్లోని పోషక స్థాయిల పాఠానికి మూలం ఆ బురదే.

1960ల ఆరంభంలో జంతువులకు చిన్న రేడియో ప్రసారిణులు తగిలించి, ఎత్తైన గోపురాలపై తిరిగే యాంటెన్నాలతో వాటి సంచారాన్ని యాంత్రికంగా నమోదు చేసే ఏర్పాటు ఇక్కడ రూపొందింది. ఓక్ చెట్లు పలచగా నిలిచిన గడ్డి భూములను నిర్ణీత వ్యవధుల్లో తగులబెట్టి ఫలితాలు గమనించే ప్రయోగం 1964లో మొదలైంది.

1982లో దీర్ఘకాలిక ఆవరణ పరిశోధనకు అమెరికా ప్రభుత్వం నిధులిచ్చే కేంద్రాల వరుసలో సిడార్ క్రీక్ చేరినప్పుడు జీవావరణ శాస్త్రవేత్త డేవిడ్ టిల్మన్ బృందం చేపట్టిన పని, ఒక విధంగా, రైతుల వైఫల్యాన్ని ప్రయోగంగా మలచడమే. బీడు పొలాల మడులకు వేర్వేరు మోతాదుల్లో నత్రజని వేయగా గడ్డి దట్టంగా పెరిగింది కాని జాతుల సంఖ్య పడిపోయింది. 1988 నాటి తీవ్ర అనావృష్టిలో, జాతులు మిగిలిన మడులకన్నా అవి తగ్గిన మడులే ఎక్కువగా దెబ్బతిన్నాయి. వైవిధ్యం స్థిరత్వాన్నిస్తుందని 1994లో టిల్మన్, అతని సహపరిశోధకుడు డౌనింగ్ ప్రకటించినప్పుడు, ఆ తేడా జాతుల సంఖ్య వల్లనా, అసలు ఎరువు వల్లనా అని విమర్శకులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అదే ఏడాది 9 మీటర్ల భుజంగల 168 మడుల్లో ఒకటి మొదలు 16 దాకా జాతులను లెక్క ప్రకారం విత్తడంతో, ఎరువు ప్రమేయం లేకుండా సంఖ్య ప్రభావాన్నే పరీక్షించే వీలు కలిగింది. విత్తని జాతి మొలిస్తే ప్రయోగం చెడుతుంది కనుక, వేసవుల్లో విద్యార్థులు మోకాళ్లపై పాకుతూ చేతులతో కలుపు తీయవలసి వచ్చేది. కేంద్రం అందించిన విద్యలో కొంత భాగం ఈ కలుపుతీతే.

కాలక్రమంలో 16 జాతుల మడుల దిగుబడి ఒంటరి జాతుల సగటుకు రెట్టింపు దాటింది. బలమైన ఏదో ఒక జాతి యాదృచ్ఛికంగా చేరడమే అందుకు కారణమన్న వాదన తొలి ఏళ్లలో గట్టిగా వినిపించినా, పదేళ్లకు పైబడిన కొలతల్లో వైవిధ్య ప్రభావం తగ్గకపోగా ఏటేటా పెరిగినట్టు 2012లో పీటర్ రైక్ బృందం చూపింది. మూడు నాలుగేళ్లకే ముగిసే ప్రయోగాల్లో ఈ పెరుగుదల బయటపడేది కాదు.