అలంపురం: నడిగడ్డలో నవబ్రహ్మల ఊరు

అలంపురం తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర ఎడమ గట్టున ఉన్న చిన్న పట్టణం. బస్సు బోర్డుల మీద అలంపూర్ అని ఉంటుంది. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న ఈ నేలను ఇక్కడివాళ్లు నడిగడ్డ అంటారు. రెండు నదులూ కలిసే చోటు ఊరికి ఎంతో దూరం లేదు. త్రిపురాంతకం తూర్పున, సిద్ధవటం దక్షిణాన, ఉమామహేశ్వరం ఉత్తరాన ఎలాగో, అలాగే శ్రీశైల క్షేత్రానికి పడమటి ద్వారం అలంపురం. యాత్రికుల్లో ఎక్కువమంది వచ్చేది జోగులాంబ అమ్మవారి దర్శనానికి. ఊరికి చరిత్రలో చోటు సంపాదించి పెట్టింది మాత్రం పక్కనే ఉన్న తొమ్మిది శివాలయాలు.

వీటిని బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అనే పేర్ల చివర బ్రహ్మ అని ఉన్నా, అన్నీ శివుడి గుళ్లే. బ్రహ్మ ఇక్కడ తపస్సు చేసి తొమ్మిది లింగాలు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. రససిద్ధుడొకడు పాదరసంతో బంగారం చేసి ఈ గుళ్లు కట్టించాడని ఇంకో కథ. శాసనాలు ఇంత రంగుగా మాట్లాడవు. స్వర్గబ్రహ్మాలయం వినయాదిత్యుడి ఏలుబడిలో (681–696) వెలిసిందనీ, 713 నాటికి విజయాదిత్యుడి శాసనం బాలబ్రహ్మాలయంలో చేరిందనీ మాత్రం చెబుతాయి.

ఈ గుళ్ల శిఖరాలు తెలుగు కంటికి కొత్తగా కనిపిస్తాయి. మన గుళ్లలో అంతస్తులుగా లేచే విమానాలకు బదులు, ఒంపు తిరిగి పైకి పోయి, నెత్తిన పెద్ద ఉసిరికాయలాంటి ఆమలకంతో ముగిసే ఉత్తరాది నాగర శైలి వీటిది. తారకబ్రహ్మ ఒక్కటే ద్రావిడ పద్ధతిలో ఉంది. దక్షిణాన నాగర శైలి ఎందుకు వచ్చిందంటే, చాళుక్యులు మలప్రభ ఒడ్డున ఐహొళె, పట్టదకల్లులలో రెండు శైలులనూ పక్కపక్కనే పరీక్షించి చూసిన వాళ్లు. ఆ ప్రయోగం తూర్పుకు సాగి, ఇక్కడ ఒకే చోట ఇన్ని గుళ్లుగా నిలిచింది. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ దారి గోడల లోపలే ఉంటుంది. మధ్యాహ్నపు ఎండలో వచ్చినవాళ్లకు ఆ దారి చల్లదనం వెంటనే తెలుస్తుంది.

తీరిక లేనివాళ్లు స్వర్గబ్రహ్మ ఒక్కటైనా నిదానంగా చుట్టి చూడాలి. శిఖరం ముందువైపు పొడుచుకొచ్చిన శుకనాసంలో నటరాజు, మూలల్లో దిక్పాలకులు, గోడ గూళ్లలో లింగోద్భవమూర్తి, త్రివిక్రముడు, స్తంభాల పక్కన దంపతుల జంటలు. ఈ గుళ్లలో పంచతంత్ర కథలు చెక్కిన చోట్లూ ఉన్నాయి, వెతుక్కోవాలి. తొమ్మిదింటిలో పూజలు జోరుగా సాగేది బాలబ్రహ్మ దగ్గరే. మిగతావాటి దగ్గర జనం పలచన. చూడటానికి వచ్చినవాళ్లకు అది ఒక రకంగా మేలే.

చాళుక్యుల తరువాత రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యులు, కాకతీయులు, విజయనగర రాజులు ఈ ఊరిని ఏలారు. జోగులాంబ అష్టాదశ శక్తిపీఠాల్లో అయిదవది. సతీదేవి పైదవడ పళ్లు ఇక్కడ పడ్డాయని నమ్మకం. ఆ గుడి 14వ శతాబ్దంలో బహమనీల దాడిలో కూలిందని చెబుతారు. అమ్మవారి మూర్తిని బాలబ్రహ్మాలయంలో ఉంచి శతాబ్దాలపాటు పూజించారు. ఇప్పుడు కనిపించే ఆలయం 2005లో కట్టినది. ఉగ్రరూపిణి అయిన తల్లిని చల్లబరచడానికి గుడి చుట్టూ నీరు నిలిపారు. కోట గోడల చెంత షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఉర్సుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు.

నిజాం కాలంలో ఇది రాయచూరు జిల్లాలోని తాలూకా. 1956లో భాషాప్రయుక్త విభజన జరిగినప్పుడు గద్వాలతోపాటు మహబూబ్‌నగర్‌లో కలిసింది. ఈ ఊరి శాసనాలకూ శిల్పాలకూ జీవితాన్ని ధారపోసినవారు గడియారం రామకృష్ణశర్మ. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు ఆయన పోయాక కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఇక్కడ జరిగాయి. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే.

తరువాతి పెద్ద మలుపు శ్రీశైలం జలాశయం. 1963లో పునాది పడిన ఆ ఆనకట్ట నిండేసరికి వందకు పైగా ఊళ్లు ముంపుకు పోయాయి, వాటితోపాటు గుళ్లూ. సంగమం దగ్గరి కూడవెల్లిలోని చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని రాళ్లకు అంకెలు వేసి విప్పి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. పాపనాశిలోని మెట్లు మెట్లుగా లేచే శిఖరాల గుళ్ల గుంపును కూడా ఊరికి నైరుతిలో మళ్లీ కట్టారు. నవబ్రహ్మలను మాత్రం కదల్చలేదు; నీరు రాకుండా ఊరికి రక్షణ గోడ కట్టారు. ఈ సంగతి తెలియని సందర్శకులు ఈ గుళ్లన్నీ మొదటినుంచీ ఇక్కడివే అనుకుంటారు. నిజానికి ఇవాళ మనం చూసే అలంపురాన్ని కొంత చాళుక్యులు, కొంత 20వ శతాబ్దపు ఇంజినీర్లు అమర్చారు. సంగమేశ్వరుడి శిల్పాలను చూసేటప్పుడు వాటి ముందు ఒకప్పుడు రెండు నదుల కలయిక ఉండేదని ఊహించుకోవాలి. ఆ నేపథ్యం లేకుండా గుడి ఎంత అందంగా ఉన్నా సగమే. ఇలా తరలని గుడి ఒకటి నంద్యాల జిల్లా సంగమేశ్వరంలో ఉంది. జలాశయంలో నీరు తగ్గినప్పుడు మాత్రమే పైకి తేలుతుంది.

నది పూర్తిగా లొంగలేదు. 2009 అక్టోబరు వరదల్లో కర్నూలుతోపాటు అలంపురాన్నీ నీరు ముంచెత్తింది. 2020 నవంబరులో తుంగభద్ర పుష్కరాలు ఇక్కడి ఘాట్‌లోనూ జరిగాయి.

హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద 220 కిలోమీటర్ల దాకా ప్రయాణం. అలంపూర్ చౌరస్తాలో దిగి ఊళ్లోకి బస్సో ఆటోనో పట్టుకోవాలి. కర్నూలు హైదరాబాదు కంటే చాలా దగ్గర కాబట్టి బసకు చాలామంది అక్కడే ఆగుతారు. గుళ్ల చెంతనే ఉన్న పురావస్తు మ్యూజియంలో తల లేని లజ్జాగౌరి విగ్రహం తప్పక చూడదగినది. సంతానం కోరే స్త్రీలు ఆమెను కొలిచేవారు. పాపనాశి గుళ్లకు వెళ్లేవాళ్లు ఎండ ముదరకముందే బయలుదేరడం మంచిది, అక్కడ నీడ తక్కువ.