నవలైన బాల్యంలో తల్లి చోటు

సొంత బాల్యాన్ని నవలగా రాసినవాళ్ళు చెప్పుకోలేని నిజాలకు కల్పనను ముసుగుగా వాడుకున్నారని సాహిత్య చరిత్రలు తేలిగ్గా తేల్చేస్తాయి. రచయితల జీవితాలనూ నవలలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఈ మాట నిలవదు.

1782లో రూసో ఆత్మకథ తొలి భాగం వెలువడ్డాక బాల్యానికి సాహిత్యంలో పెద్దపీట దక్కింది. అసలు చిక్కు 1849లో, ధారావాహికగా మొదలైన డికెన్స్ ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’తో వస్తుంది. 1824లో తండ్రి అప్పులపాలై మార్షల్సీ జైలుకు వెళ్ళినప్పుడు, పన్నెండేళ్ళ డికెన్స్ లండన్ కార్ఖానాలో బూట్‌పాలిష్ డబ్బాలకు చీటీలు అంటించాడు. ఈ సంగతి లోకానికి తెలిసింది ఆయన పోయాక, స్నేహితుడు ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రతోనే. ముసుగు వాదానికి బలం ఇదే.

కానీ నవలలో ఆయన దాచిందేమిటి? కార్ఖానాను దాచలేదు, బూట్‌పాలిష్ డబ్బాల చోట ద్రాక్షసారా సీసాలు పెట్టాడంతే. అప్పుల తండ్రి మికాబర్‌గా నవ్విస్తూ తిరుగుతాడు. పూర్తిగా మారిపోయింది తల్లి. కొడుకును మళ్ళీ ఆ పనికే పంపాలని గట్టిగా కోరిన ఎలిజబెత్, నవల వచ్చేనాటికి బతికే ఉంది. డేవిడ్ తల్లి మాత్రం వాడు పనిలో చేరకముందే, వాడి ప్రేమకు ఏ మచ్చా పడకుండా కన్నుమూస్తుంది. బతికున్నవాళ్ళ పట్ల మొహమాటం కొంత ఉండవచ్చు. అదొక్కటే కారణమనలేం, అప్పటికి తండ్రీ బతికే ఉన్నాడు.

టాల్‌స్టాయ్ దీన్ని తిరగేశాడు. రెండేళ్ళు నిండకుండానే తల్లిని పోగొట్టుకున్న ఆయన, 1852 నాటి ‘బాల్యం’లో ఆమెకు మరికొన్నేళ్ళ ఆయుష్షు పోసి, ఊహ తెలిసిన కొడుకును ఆమె శవపేటిక పక్కన నిలబెట్టాడు. అందులో సొంత అనుభవాలూ స్నేహితులవీ కలగాపులగమయ్యాయని ముసలితనంలో ఆయనే అసంతృప్తి పడ్డాడు. నా దృష్టిలో మాత్రం తల్లి విషయంలో చేసిన కల్పనే ఆ పుస్తకానికి ప్రాణం. గుర్తులేని తల్లి కోసం ఏడవడానికి ఆయనకు వేరే దారి లేదు.

ముసుగే తొడగనివాళ్ళూ ఉన్నారు: తాత ఇంట్లో తనను వదిలిపోయిన తల్లి గురించి గోర్కీ 1913–14లో అసలు పేర్లతోనే రాశాడు.

1977లో ఫ్రెంచి రచయిత దుబ్రోవ్‌స్కీ సొంత జీవితాన్ని కల్పనగా మలిచే ఇలాంటి రచనలకు ‘ఆటోఫిక్షన్’ అనే పేరు తెచ్చాక పాత్రల వెనుక మనుషులను పోల్చుకోవడమే చదవడమైపోతోంది. ఇది నాకు బాధగా ఉంది. నార్వే రచయిత క్నౌస్‌గార్డ్ 2009–11 మధ్య సొంత జీవితంపై ఆరు సంపుటాల నవల వెలువరించాడు. బాల్యాన్ని చెప్పే మూడోదాంట్లో తండ్రి భయం ప్రతి పేజీనీ తాకుతుంది. ఇంట్లోనే ఉన్న తల్లి తన జ్ఞాపకాల్లో దాదాపు కనబడదని ఆయనే గమనించాడు. ఆ నిజాయితీకి విలువ ఇస్తాను. అయినా టాల్‌స్టాయ్ అలాంటి ఖాళీలోనే ఒక తల్లిని సృష్టించగలిగాడు. క్నౌస్‌గార్డ్ ఖాళీని చూపించి ఆగిపోయాడు.