మలక్కాలో ఎన్ని రాత్రులు?

శనివారం ఉదయం తొమ్మిదిన్నర. సైబర్‌జయలో మీ కండో కింద కారు డిక్కీ తెరిచే ఉంది. లోపల నీళ్ల సీసాలు, పులిహోర డబ్బా, ఒక గొడుగు. బట్టల సంచీ మాత్రం ఇంకా మీ ఆవిడ చేతిలోనే ఉంది. అది డిక్కీలో పెట్టాలా వద్దా అన్నదే ఇప్పటి తగవు.

"నూటఇరవై కిలోమీటర్లేగా. చూసేసి రాత్రికి వచ్చేద్దాం," అంటున్నారు మీరు. మీ ఆఫీసులో అందరూ చేసేదీ అదే. 1997లో తోటలు కొట్టి కట్టిన ఈ ఊళ్లో దేనికైనా గంటల లెక్కే.

"ఒరే, ఆరొందల ఏళ్ల ఊరికి ఆరు గంటలట్రా!" వెనక సీట్లోంచి మీ నాన్నగారు. బందరు నుంచి దిగి వారం కాలేదు. 2023 డిసెంబరు నుంచి మన పాస్‌పోర్టుకి మలేషియాలో వీసా లేకుండానే ముప్ఫై రోజులు ఉండనిస్తున్నారు. అంచేత ఆయనకి తొందరేమీ లేదు. మీ ఆవిడ ఇక మీ మొహం చూడకుండా సంచీ డిక్కీలో పడేసి మూత వేసింది.

దారి గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. టోల్‌గేట్లు, రెండువైపులా పామాయిల్ చెట్లు, సెరెంబాన్ దగ్గర కాస్త నత్తనడక, తర్వాత ఆయెర్ కెరో దగ్గర హైవే దిగడం. కారు లేనివాళ్లు పుత్రజయ–సైబర్‌జయ స్టేషన్లో రైలెక్కి బందర్ తాసిక్ సెలాతాన్‌లో దిగితే, దక్షిణానికి వెళ్లే బస్సులన్నీ అక్కడే. మలక్కా సెంట్రల్‌కి రెండు గంటలు.

పన్నెండు కావస్తుండగా డచ్చి చౌకులో నిలబడ్డారు. ఎర్రటి చర్చి, ఎర్రటి గడియారం స్తంభం, 1650 నాటి ఎర్రటి స్టాడ్‌హౌస్. ఎండకి ఆ ఎరుపు కళ్లలో గుచ్చుకుంటోంది. పికాచూ బొమ్మలు, ప్లాస్టిక్ పూలు చుట్టుకున్న సైకిల్ రిక్షాలు స్పీకర్లలో పాటలు మోగిస్తూ చుట్టూ తిరుగుతున్నాయి. టూరు బస్సుల్లో వచ్చినవాళ్లు 1753 నాటి చర్చి ముందు వరసకట్టి ఫొటోలు దిగుతున్నారు. ఒక్క పూటకి వచ్చేవాళ్లకి దక్కే మలక్కా ఇదే. ఊరు అత్యంత వేడిగా, అత్యంత రద్దీగా ఉండే వేళకి వచ్చి, కాస్త చల్లబడే వేళకి బస్సెక్కేస్తారు. "మలక్కాలో ఏముందండీ, రెండు గంటల్లో అయిపోతుంది" అనేవాళ్లంతా ఆ బస్సుల్లోంచి దిగినవాళ్లే అని నా అనుమానం.

మెట్లెక్కండి, నెమ్మదిగా. సెయింట్ పాల్ కొండ చిన్నదే అయినా ఈ ఉక్కలో మొదటి మలుపుకే చొక్కా వీపుకి అంటుకుంది. పైన కప్పు లేని చర్చి. పోర్చుగీసువాళ్లు 1521లో కట్టినది. గోడలకి ఆనించి నిలబెట్టిన డచ్చి సమాధి రాళ్ల మీద ఓడలు, పుర్రెలు, కుటుంబ చిహ్నాలు. క్రైస్తవ మత ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ దేహాన్ని 1553లో గోవాకి తీసుకుపోయేముందు కొన్ని నెలలు ఇక్కడే పాతిపెట్టారు. బయట ఉన్న ఆయన విగ్రహానికి కుడిచెయ్యి లేదు.

నాన్నగారు మాత్రం ఇవేవీ చూడట్లేదు. ప్రహరీ దగ్గర నిలబడి చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకున్నారు.

"సముద్రం ఏదిరా?"

అడగాల్సిన ప్రశ్నే. ఒకప్పుడు కెరటాలు ఈ కొండ కిందికే వచ్చేవి. దిగువన మిగిలిన ఒకే ఒక్క కోటగుమ్మం, పోర్టా డి శాంటియాగో, సముద్రానికి ఎదురుగా ఉండేది. సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు. ఇప్పుడు ఆ గుమ్మానికి ఎదురుగా ఉన్నవి షాపింగ్ మాళ్లు. నీళ్లు ఎక్కడో వాటి వెనక సన్నటి గీతలా మెరుస్తున్నాయి. రేవు పూడిపోయిన ఊళ్లో పుట్టినాయనకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. "మా బందరూ ఇంతే," అని ఊరుకున్నారు.

నీడ చూసుకుని కూర్చోండి. ఎన్నాళ్లుండాలన్న తగవు ఈ ఊరికి పాతదే. అయిదొందల ఏళ్ల కిందట పులికాట్ నుంచి బట్టల మూటలతో ఇక్కడ దిగిన వర్తకుడికి ఆ నిర్ణయం తన చేతిలో ఉండేది కాదు. నైరుతి గాలి తూర్పుకి తెచ్చి దింపుతుంది. ఈశాన్య గాలి లేచేదాకా తిరిగి వెళ్లే దారి లేదు. చైనా ఓడలకి లెక్క ఇంకొకటి. వీళ్లు వెళ్లే గాలికి వాళ్లు వస్తారు. అంచేత సరుకు దించుకుని, గిడ్డంగి చూసుకుని, నెలల తరబడి ఇక్కడే కాపురం. కొందరికి ఇక్కడే పెళ్లిళ్లు కూడా. సుల్తాను తరఫున నలుగురు షాబందర్లు, అంటే రేవు అధికారులు, ఉండేవారు. ఒకరు ఒక్క గుజరాతీలకే. మన కోరమాండల్ తీరం వాళ్లకి బెంగాల్, పెగూ, పసాయ్ వర్తకులతో కలిపి ఇంకొకరు. 1511లో ఊరిని పట్టుకున్న కొద్దికాలానికే వచ్చిన పోర్చుగీసు మందుల వర్తకుడు టోమె పిరెస్, ఈ రేవులో 84 భాషలు వినపడేవని రాసుకున్నాడు. తరవాతి కాలంలో బందరు రేవు పెరిగాక అక్కడి అద్దకం బట్టలూ ఈ తూర్పు దీవుల బజార్లకే వచ్చాయి.

మూడింటికి హోటల్. కౌంటరులో అమ్మాయి మీ వర్క్ పర్మిట్ చూసి కూడా, గదికి రాత్రికి పది రింగిట్ల పర్యాటక పన్ను కట్టమంటోంది. ఇక్కడ ఉద్యోగం చేస్తున్నా విదేశీయులే కదా. కట్టేసి, ఏసీ వేసుకుని పడుకోండి. ఈ వేళప్పుడు బయట తిరిగి ఎవరూ బాగుపడలేదు.

చీకటి పడ్డాక లేవండి. శుక్ర, శని, ఆదివారాల రాత్రుల్లో జోంకర్ వీధికి బండ్లు రానివ్వరు. అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేదు. ఆ తోపులాటలో ఒకచోట ఆగండి. ఒకావిడ లోహపు అచ్చులో తడి బియ్యప్పిండి జల్లి, మధ్యలో ముక్కలు చేసిన గులా మలక్కా పెట్టి, మీద మళ్లీ పిండి కప్పి, గుడ్డలో చుట్టి ఆవిరి మీద బోర్లించింది. గులా మలక్కా అంటే కొబ్బరి గెల గీసి తీసిన తీపి నీళ్లని చిక్కగా కాచి చేసే నల్లబెల్లం. పేరు పుటు పిరింగ్. కొబ్బరికోరుతో చేతికిచ్చింది. కొరికితే బెల్లం కరిగి పాకమై గడ్డం మీదికి కారింది. నాన్నగారు రెండోది అడిగారు. మీ ఆవిడ షుగరు మాట ఎత్తబోయి, ఆయన మొహం చూసి మానేసింది.

పొద్దున ఏడున్నర. అసలు ఈ ఒక్క గంట కోసమే రాత్రి ఇక్కడ ఉండాలంటాను. ఇక్కడ తెల్లారేది ఆలస్యం కాబట్టి ఎండ ఇంకా ఇళ్ల కప్పులు దిగలేదు. నిన్నటి జనం లేరు. తుకాంగ్ ఎమాస్ వీధిలో 1781 నాటి పొయ్యాత వినాయగర్ గుడిలో గంట మోగుతోంది. పక్కనే 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు. గుమ్మటం లేదు, అంతస్తులుగా పేర్చిన పెంకు కప్పు. ఇంకాస్త నడిస్తే చెంగ్ హూన్ తెంగ్ చైనా గుడి, అగరొత్తుల పొగ. ఈ మూడూ చూడ్డానికి పది నిమిషాలు చాలు. గంట ఎందుకు పట్టిందో మీకే తెలియదు.

కాఫీ తాగి, గాజా బెరాంగ్ వైపు కారు తిప్పండి. అక్కడ ఉంది చెట్టిల పల్లె. గాలి కోసం ఆగి, గాలి తిరిగాకా వెళ్లకుండా ఉండిపోయిన వర్తకుల సంతానం వీళ్లు. గుమ్మాలకి మామిడాకుల తోరణాలు. వరండాలో కెబాయా, సారోంగ్ కట్టుకున్న పెద్దావిడ, నుదుట బొట్టు. ఇంట్లో మాట్లాడుకునేది మలయ్. దేవుళ్లు మాత్రం మనవాళ్లే. నాన్నగారు తనకొచ్చిన ఇంగ్లీషులో పండగలేం చేస్తారని అడిగారు. భోగి అందామె. ఆ రోజు అరిటాకుల్లో వంటలన్నీ వడ్డించి పోయిన పెద్దలకి పెడతారట. బజ్జీల వంటివీ ఉంటాయి, బెలచాన్ అనే రొయ్యల ముద్ద కలిపిన సంబలూ ఉంటుంది. నాన్నగారు అక్కడే అరుగు మీద చతికిలబడ్డారు. మన లెక్కలో ఇది అరగంట చూడాల్సిన చోటు. ఆయన తమ ఇంట్లో భోగి ఎలా చేసేవాళ్లో చెప్పడం మొదలుపెట్టారు.

"ఏవండీ," అంటోంది మీ ఆవిడ ఫోను చూస్తూ, "ఇవాళ రాత్రికి అదే గది నిన్నటికన్నా తక్కువకి ఉంది. ఆదివారం కదా, అందరూ వెళ్లిపోతారు."

చౌకు మళ్లీ చూడాలంటే సాయంత్రం చూడొచ్చు. ఉజోంగ్ పాసిర్‌లో పోర్చుగీసుల వాడ ఉంది, అక్కడ సముద్రం నిజంగానే కనపడుతుంది. పూడ్చిన దీవి మీద కట్టిన సెలాత్ మసీదు ఉంది, సూర్యాస్తమయానికి వెళ్లాలి. మ్యూజియాలు మాత్రం చూసేవి ఇవాళే చూసెయ్యండి, సోమవారం చాలావాటికి సెలవు. రేపు మీ మొదటి మీటింగు తొమ్మిదిన్నరకి. ఆరు కొట్టకముందే బయల్దేరితే సెరెంబాన్ దగ్గర ఇరుక్కున్నా అందుకోవచ్చు.

"మరి గది పెట్టెయ్," అన్నారు మీరు.

నాన్నగారు ఈ మాట వినలేదు. పెద్దావిడ లోపల్నించి తెచ్చిన డబ్బా మూత ఊడబీకుతున్నారు.