కంకిపాడు నుంచి కెమెరా ముందుకు: కోట శ్రీనివాసరావు నటనలో రంగస్థల వాచికం

బెజవాడ నుంచి బందరు పోయే దారిలో ఉయ్యూరుకు ముందు తగిలే ఊరు కంకిపాడు. కోట శ్రీనివాసరావు 1942 జూలై 10న అక్కడ ఒక వైద్యుని ఇంట జన్మించారు. 2025 జూలై 13న హైదరాబాదులో కన్నుమూశారు. ఏడువందల యాభైకి పైగా చిత్రాల్లో నటించిన మనిషి గనుక నివాళులన్నీ సహజంగానే సినిమా పాత్రల చుట్టూ తిరిగాయి. సుమారు ఇరవై యేళ్ల నాటకజీవితం మాత్రం ‘రంగస్థలం నుంచి వచ్చారు’ అన్న ఒక్క వాక్యంలో ముగిసిపోయింది. ఇది పత్రికల లోపం మాత్రమే కాదు. మన నాటకచరిత్రలు నటుడు సినిమాలోకి వెళ్లగానే అతణ్ణి వదిలేస్తాయి, సినిమాచరిత్రలు అక్కడి నుంచే మొదలుపెడతాయి. ఈ రెండింటి మధ్య జారిపోయే విషయం వాచికం. కోట నటనలో ప్రధానమైనదీ అదే అని చూపడం ఈ వ్యాసోద్దేశం.

కృష్ణాజిల్లా నుంచి సినిమాకు వెళ్లిన నటులకు కొదవ లేదు. అయితే ఎవరు ఏ వయసులో వెళ్లారన్నది గమనించదగ్గ సంగతి. వెంకటరాఘవాపురం, రామాపురం ప్రాంతాల నుంచి వచ్చిన అక్కినేని నాగేశ్వరరావు నాటకాల్లో స్త్రీపాత్రలు ధరిస్తూనే 1941లో ‘ధర్మపత్ని’లో కనిపించారు. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై యేళ్లు రాలేదు. నిమ్మకూరు రామారావు 1949లో ‘మనదేశం’ నాటికి ఇరవయ్యారేళ్ల యువకుడు. కౌతవరం వాస్తవ్యులు కైకాల సత్యనారాయణ 1959లో ‘సిపాయి కూతురు’ చేసేటప్పటికి ఇరవై నాలుగు. కోట తొలి చిత్రం 1978లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు ముప్పై ఆరు. తక్కిన ముగ్గురి గొంతూ నడకా చాలావరకు కెమెరా ముందే కుదురుకున్నాయి. కోట మాత్రం అన్నీ కుదిరిన తరువాతే కెమెరా ముందుకు వచ్చారు. ఈ పదేళ్లకు తగ్గని తేడాను జీవితచరిత్రలో ఆలస్యంగా కాక, శిక్షణకాలంగా చదవవలసి ఉంది.

ఆ శిక్షణ ఇచ్చినది పరిషత్తు నాటకం. 1929లో తెనాలిలో ఆవిర్భవించిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు వేసిన బాటలో కోస్తా జిల్లాల్లో ఊరూరా పోటీలు వెలిశాయి. మైలవరం కంపెనీ నాటి పద్యనాటకానికి రాగం ప్రాణమైతే, ఈ పోటీల్లోని సాంఘిక నాటికకు మాటే ప్రాణం. గంట సేపటి నాటిక, ఒకటే సెట్టు, నలుగురైదుగురు పాత్రధారులు, ఎదురుగా మార్కులు వేసే న్యాయనిర్ణేతలు. పగలు ఉద్యోగం చేసి సాయంత్రం రిహార్సలు వేసుకొనే గుమాస్తాలు, ఉపాధ్యాయులు, బ్యాంకు సిబ్బందే నటులు. పైనుంచి వేలాడదీసిన మైకు కింద నిలబడి చివరి వరుసలోని ప్రేక్షకుడికి కూడా గుసగుస గుసగుసగానే వినిపించాలి. వాక్యంలో ఏ మాటకు ముందు ఆగాలో, ఏ మాటను మింగాలో, నవ్వు తగ్గేదాకా ఎన్ని క్షణాలు పట్టి ఉండాలో అక్కడే తేలుతుంది. మైకుకు దూరమైతే మాట పోతుంది కనుక అంగవిన్యాసం తగ్గి, ముఖమూ గొంతూ అదనపు భారం మోస్తాయి. పరిషత్తు నటనను ‘మైకు నటన’ అని తీసిపారేసే విమర్శ ఒకటి ఉంది. అది సగం నిజమే. సినిమా దగ్గరి షాటుకు కావలసినది సరిగ్గా ఆ మిగతా సగం.

స్టేట్ బ్యాంకు ఉద్యోగిగా ఉంటూ కోట ఈ నాటకాన్ని విడువలేదు. ఆయన ఆడిన ‘ప్రాణం ఖరీదు’ నాటకమే కె. వాసు దర్శకత్వంలో 1978లో చిత్రమైంది. సినిమా అభిమానులకు అది చిరంజీవి తొలిసారి తెరమీద కనిపించిన చిత్రం. నాటకచరిత్రకారుడికి అది వేరే కారణానికి ముఖ్యం. అక్కడ కథతోపాటు వేదికమీది నటులు కూడా తెరకెక్కారు. కాని పేరు వెంటనే రాలేదు. మరో ఏడేళ్లు గడవాలి.

1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో మంత్రి కాశయ్య పాత్ర ఆయన్ను నిలబెట్టింది. దర్శకుడు టి. కృష్ణ ఒంగోలు ప్రజానాట్యమండలి నేపథ్యం ఉన్నవాడు. మాటలు రాసిన ఎం.వి.ఎస్. హరనాథరావు పేరున్న నాటకరచయిత. అంటే రచన, దర్శకత్వం, నటన మూడూ నాటకరంగం నుంచే వచ్చి కలిశాయి. ఆ మంత్రి తెలంగాణ మాండలికం మాట్లాడతాడు. అప్పటికి తెలుగు తెర మీద మాండలికమంటే ఎక్కువగా హాస్యపాత్రకు అతికించే యాస. కాశయ్య మాటలో యాస అలంకారంగా ఉండదు, ఆలోచనగా ఉంటుంది. లాలించే స్వరంలోనే బెదిరింపు ఉంటుంది. కొత్త పలుకుబడిని వాక్యలయతో సహా పట్టుకోవడం చెవి సాధన చేసిన నటుడికే సాధ్యం. జిల్లా జిల్లాల మనుషులు వచ్చే బ్యాంకు కౌంటరు కూడా ఆ చెవికి ఒక బడి అయి ఉంటుందని నా ఊహ.

ఇక్కడ తప్పించుకోలేని ప్రశ్న ఒకటి ఉంది. దశాబ్దాలపాటు నాయకుడి భాష కృష్ణా గుంటూరు తెలుగు, ప్రతినాయకుడి భాష తెలంగాణ తెలుగు అన్న విభజనను మన సినిమా స్థిరపరచిందని తెలంగాణ విమర్శకులు వేసిన అభియోగం న్యాయమైనది. ‘ప్రతిఘటన’ తరువాత 1993లో ‘గాయం’లో గురునారాయణ పాత్రకూ కోట అదే మాండలికాన్ని వాడారు. కంకిపాడులో పుట్టిన నటుడు ఆ భాషను అంత సహజంగా పలకగలగడం వల్లనే మూస మరింత నమ్మదగినదిగా మారింది. నటుడి ప్రతిభ వేరు, పరిశ్రమ పక్షపాతం వేరు అని చెప్పి ఊరుకోవడం సులువు. కాని ఇక్కడ పక్షపాతానికి పనికివచ్చినది ఆ ప్రతిభే. కాశయ్యను మెచ్చుకొనే పరిశోధకుడు ఈ ఇబ్బందిని కూడా రాయాలి. అదే సమయంలో ఒక తేడా గుర్తించాలి. హాస్యానికి వాడిన యాస మాట్లాడేవాణ్ణి తెలివితక్కువవాడిగా చూపుతుంది. కాశయ్య, గురునారాయణలు సన్నివేశంలో అందరికంటె తెలివైనవాళ్లు. ఆ భాషకు తెరమీద అధికారం దక్కింది, గౌరవం దక్కలేదు.

రెండేళ్ల తరువాత జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987) ఆయన్ను మరో కొసకు తీసుకువెళ్లింది. ఆదివిష్ణు నవల ‘సత్యంగారిల్లు’ ఆధారంగా తీసిన ఈ చిత్రంలో పిసినారి లక్ష్మీపతి బట్టకు బదులు వార్తాపత్రిక చుట్టుకుంటాడు. కోడిని వేలాడదీసి దానివంక చూస్తూ ఉత్త అన్నం తింటాడు. ఈ దృశ్యాన్ని నవ్వుకొని వదిలేస్తాం గాని, నాటకం ఆడినవారికి ఇది బాగా ఎరుకైన విద్య. సామగ్రి లేని వేదిక మీద లేని వస్తువును ఉన్నట్టు నమ్మించడం అక్కడ రోజూ జరిగే పని. కూర లేదు, కాని నములుతున్న దవడలో కూర రుచి ఉంది. జంధ్యాల స్వయంగా నాటకరచయిత. అలాంటి సన్నివేశాన్ని ఊహించగలిగిన రచయితకు దాన్ని మోయగలిగిన నటుడు దొరికాడు. లక్ష్మీపతి నోట కాశయ్య యాస మచ్చుకైనా ఉండదు. ఇద్దరినీ కలిపేది డబ్బు, అధికారం లాంటి మాటలు వచ్చిన చోట గొంతు ఒక్కసారి మెత్తబడడం.

తరువాతి దశాబ్దాల పట్టిక పెద్దది. ‘లిటిల్ సోల్జర్స్’లోను, ‘గణేష్’లోను పొందిన గుర్తింపు, తమిళంలో 2003 నాటి ‘సామి’, హిందీలో ‘సర్కార్’, 1999 నుంచి 2004 వరకు విజయవాడ తూర్పు శాసనసభ్యత్వం, తొమ్మిది నంది పురస్కారాలు, 2015లో పద్మశ్రీ. ఇవన్నీ సులువుగా దొరికే వివరాలు గనుక విస్తరించడం లేదు. ప్రతినాయక పాత్రలకు పొరుగుభాషల నటులను తెచ్చే అలవాటుపై ఆయన బహిరంగంగా చేసిన ఫిర్యాదు మాత్రం పట్టించుకోదగ్గది. దాన్ని అవకాశాలు తగ్గిన నటుడి అసంతృప్తిగా చాలామంది చూశారు. కాని మాట ఒకరిది, ముఖం మరొకరిది అయినప్పుడు వాచికాభినయమనే మాటకే అర్థం చెదిరిపోతుందన్న శాస్త్రసంబంధమైన అభ్యంతరం అందులో ఉంది.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక ఆయన నటన ఇంటింటికీ చేరింది, ముక్కలుగా చేరింది. బాబూమోహన్‌తో కలిసి చేసిన హాస్యఘట్టాలు విడి దృశ్యాలుగా తిరిగి తిరిగి ప్రసారమయ్యాయి. దీనివల్ల చమత్కారం నిలిచింది, దానికి ముందు కట్టిన నిశ్శబ్దం తెగిపోయింది. నేటి పరిశోధక విద్యార్థుల్లో చాలామందికి, నాకు కూడా, కోట మొదట పరిచయమైనది ఆ ముక్కల్లోనే. పూర్తి చిత్రాలను వరుసగా చూసినప్పుడు గాని ఒక సన్నివేశంలో ఆయన ఎంతసేపు మాట్లాడకుండా ఉంటారో తెలియలేదు.

డెబ్బైకి దగ్గరపడిన వయసులో, 2012లో, ‘గబ్బర్ సింగ్’ కోసం ఆయన మందుబాబుల మీద ఒక పాట పాడారు. సంగీతం తెలిసినవారు దాన్ని గానమని ఒప్పుకోకపోవచ్చు. పాదాన్ని సాగదీసి, చివరి మాటను జారవిడిచి, ఊపిరి తీసుకొనే చోటునే తాళంగా మార్చుకొని ఆయన పాడినదానికంటె పలికినదే ఎక్కువ.