మాధవాయపాలెము కోఠీ

మా అజీజ్‌నగరు బడిలో నొకనాడు ఫ్యాక్టరీ యనగా నేమని పిల్లల నడిగితిని. అందరును పొగగొట్టమును, యంత్రములను జెప్పిరి. పూర్వ మా మాట కర్థ మది కాదు. ఫ్యాక్టరనగా కంపెనీవారి వర్తకోద్యోగి. అతడు కాపురముండి సరకు కొని నిలువచేయు నిల్లే ఫ్యాక్టరీ. మనవారు దానిని కోఠీ యనిరి. అట్టి యిండ్లలో నొకటి గోదావరీతీరమున, నరసాపురముచెంత, మాధవాయపాలెములో నుండెను.

ఆంగ్లేయులు 1611లో మచిలీబందరున దిగిరి. అచట కాలూని, నేతపని సమృద్ధిగా గల గోదావరీ ప్రాంతమునకు సాగిరి. 1679లో మదరాసు గవర్నరగు స్ట్రేన్‌షాం మాస్టరు కోఠీల తనిఖీకై బయలుదేరి మాధవాయపాలెమునకును వచ్చెను. ఆంగ్లేయుల నోట ఆ యూరు మడపొల్లమయ్యెను. అచటనుండి ఓడ లెక్కిన సన్నని తెల్లబట్టకును ఆ పేరే నిలిచెను.

బట్ట నేసినది మాత్రము కోఠీలో గాదు. చుట్టుపట్ల పల్లెలలో, సాలెవాని గుంటమగ్గముమీద. స్త్రీలు నూలు వడికిరి, చాకలివారు చలువచేసిరి. పడుగున పుంజములు హెచ్చినకొలది బట్ట సన్ననగును, వెలయు హెచ్చును. కోఠీలో జరిగినది బయానా లిచ్చుట, వచ్చిన తానులను కొలుచుట, మేలిరకము, నాసిరకము అని యేర్పరచుట, లోపమున్నవానిని త్రిప్పివేయుట. త్రిప్పివేసిన తానుమీది బయానా సాలెవాని నెత్తిన అప్పుగా మిగిలెడిది.

పాలకొల్లున డచ్చివారును, యానామున పరాసువారును పోటీపడి కొనుచున్నపుడు సాలెవానికి బేరమాడుటకు కొంత చోటుండెను. 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీపర మయ్యెను. కొనువాడే దొరయైనపుడు బేరమెక్కడిది? కంపెనీ బయానా తీసికొన్నవాడు పరులకు నేయరాదను కట్టడి వచ్చెను. మగ్గములయొద్ద బంట్రోతులు కావలియుండిరి. ఆనాటి నేత వైభవమును దలచి నిట్టూర్చువారు మనలో పెక్కురు కలరు, నేనును అందొకడనే. నేసినవానికి ముట్టిన కూలి యెంత యని అడుగువారు మాత్రము అరుదు.

పిమ్మట సీమ మరబట్టలు వచ్చిపడెను. 1833 చట్టముతో కంపెనీ వర్తకమే ముగిసెను, కోఠీకి పనిలేకపోయెను. పాలెములో చాలభాగమును గోదావరి కోసికొనిపోయెను. పేరు మాత్రము పోలేదు. పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున మడపొల్లమను బట్ట ఇంగ్లండునుండి మన దేశమునకే దిగుమతి యగుచుండెను. సాలెవాని మనుమడు తన తాతల యూరిపేరు గల బట్టను సీమసరకని అంగడిలో కొనియుండును!

పరాసు నిఘంటువులలో ఆ మాట నేటికిని కలదు. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషువారు వాడిన మస్కిటో విమానము చెక్కతో చేసినది; ఆ చెక్కపై అంటించిన నూలుబట్ట పేరును మడపొల్లమే. ఆ విమానము మొదటిసారి యెగిరినది 1940లో. కంపెనీ తన కోఠీలు కట్టిపెట్టి అప్పటికి నూరేండ్లు దాటినది.